చివరి పీరియడ్ చరిత్ర

పదో తరగతి పూర్తి చేసిన పిల్లాడు బడి నుంచి పట్టుకెళ్లే కాగితాల్లో మార్కుల మెమో, టీసీ, స్టడీ సర్టిఫికెట్ ముఖ్యమైనవి. వాటిలోనే ఎక్కడో ఓ మూల ప్రవర్తన గురించి రాసే చోటు ఒకటి ఉంటుంది. గుమాస్తా అక్కడ ‘గుడ్’ అనో ‘శాటిస్‌ఫ్యాక్టరీ’ అనో రాసి, హెడ్మాస్టరు చేత సంతకం పెట్టించి, రబ్బరు ముద్ర కొట్టి ఇస్తాడు. గోడ దూకి సినిమాకు పోయినవాడికీ అదే మాట, వాగు పొంగిన రోజున చిన్నపిల్లల చెయ్యి పట్టుకుని ఇళ్లకు చేర్చినవాడికీ అదే మాట. లెక్కల్లో రెండు మార్కులు తగ్గితే రీకౌంటింగ్‌కు డబ్బు కట్టే లోకంలో, పిల్లాడు ఎలాంటి మనిషిగా తయారయ్యాడన్న సంగతి మాత్రం ఒక్క మాటతో తేలిపోతుంది.

అలాగని మన బళ్లు ఆ సంగతి పట్టించుకోలేదని కాదు. రెండు వందల ఏళ్లుగా పట్టించుకుంటూనే ఉన్నాయి. నీతి అన్నారు, శీలం అన్నారు, చేతిపని అన్నారు. ఆ తర్వాత నైతిక విద్య, పని అనుభవం, వ్యక్తిత్వ వికాసం వచ్చాయి. ఇప్పుడు జీవన నైపుణ్యాలు అంటున్నారు. పేరు మారినప్పుడల్లా కొత్త పుస్తకమో కొత్త సర్క్యులరో వచ్చింది, టైమ్‌టేబుల్లో ఓ పీరియడ్ దక్కింది. సాధారణంగా అది చివరి పీరియడే.

ఈ కథను తిరువూరు లాంటి ఊళ్లో నిలబడి చూడాలి. విజయవాడ నుంచి జగదల్‌పూర్ వెళ్లే 30వ నంబరు జాతీయ రహదారి మీద, తెలంగాణ సరిహద్దును ఆనుకుని ఉన్న పట్టణం ఇది. 2022 ఏప్రిల్ 4న ఎన్టీఆర్ జిల్లా ఏర్పడేదాకా కృష్ణా జిల్లాలో భాగం. పేరుకు కృష్ణా జిల్లా అయినా ఇక్కడి నేల డెల్టా కాదు, మెట్ట. విస్సన్నపేట వైపు మామిడి తోటలు, ఎ.కొండూరు వైపు లంబాడీ తండాలు, గంపలగూడెం వైపు కట్టలేరు. 1948 దాకా ఈ ఊరు రెండు రాజ్యాల అంచున ఉండేది. ఇవతల మద్రాసు ప్రెసిడెన్సీ, అవతల నిజాం ఇలాకా. అటు హైస్కూలు చదువు ఉర్దూలో, ఇటు ఇంగ్లీషులో. తెలుగు పిల్లాడికి రెండు వైపులా తన ఇంటి మాట కాని మాటే ఎదురయ్యేది. రాజధానుల్లో పుట్టిన పథకాలు ఇలాంటి ఊళ్లకు కాస్త ఆలస్యంగా, కాస్త అరిగిపోయి చేరతాయి. అరిగిపోగా మిగిలినదేమిటో చూస్తే అసలు సరుకెంతో తెలుస్తుంది.

పాత వీధి బడి నుంచే మొదలుపెట్టాలి. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో జిల్లా కలెక్టర్లందరికీ ఒక ఉత్తరువు పంపాడు. మీ జిల్లాలో బడులెన్ని, చదివే పిల్లలెందరు, ఏం చదువుతున్నారు, లెక్క తీసి పంపమన్నాడు. ఆ లెక్కలన్నీ కూడి 1826లో ఆయన తేల్చింది: ప్రెసిడెన్సీ మొత్తంలో 12,498 బడులు, లక్షా 88 వేలకు పైగా పిల్లలు. కలెక్టర్ల జవాబుల్లో నేటికీ చెప్పుకోదగ్గది బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823లో రాసిన నివేదిక. ఆయన తెలుగు బాగా వచ్చినవాడు, 1816లోనే తెలుగు వ్యాకరణం అచ్చువేసినవాడు. తన జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు ఉన్నారని చెప్పి, పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దే తీరు దగ్గర్నుంచి వర్ణించాడు. తర్వాత అసలు ఫిర్యాదు పెట్టాడు. పిల్లలు పద్యాలకు పద్యాలు పొల్లుపోకుండా అప్పజెబుతున్నారు, కానీ చిలకకు తన పలుకుల అర్థం ఎంత తెలుసో వీళ్లకూ అంతే తెలుసు అన్నాడు. నీతి అంతా పద్యాల్లోనే ఉంది. పద్యం నోటికి వచ్చింది. నీతి మాత్రం గ్రాంథికంలోనే ఉండిపోయింది.

ఇది తెల్లదొర చిన్నచూపు అని కొట్టిపారేయడానికి లేదు. మద్రాసు సదర్ అదాలత్‌లో దుబాసీగా పనిచేసిన వెన్నెలకంటి సుబ్బారావు కూడా 1820 ప్రాంతంలో మద్రాసు స్కూల్ బుక్ సొసైటీకి ఇదే మాట చెప్పాడు. పిల్లలకు అర్థమయ్యే తెలుగులో, నీతికథలతో వాచకాలు కావాలన్నాడు. పుదూరు సీతారామశాస్త్రి బాలశిక్ష 1832లో వచ్చింది. తర్వాతి కాలంలో అది పెద్దబాలశిక్షగా పెరిగి, తెలుగు ఇళ్లలో పంచాంగం పక్కన చోటు సంపాదించుకుంది. లెక్కలు, కొలతలు, తిథులు, బంధుత్వాలు, సామెతలు, నడవడిక అన్నీ ఒకే అట్ట మధ్య ఇమిడిన పుస్తకం. నాలుగు రూపాయలు లెక్కపెట్టుకోవడం, నలుగురిలో మాట్లాడటం ఒకే చదువులో భాగమని దాన్ని కూర్చినవాళ్లు అనుకున్నారు. ఆ తర్వాతి పాఠ్యపుస్తకాలు ఆ రెండింటినీ విడదీశాయి.

క్యాంప్‌బెల్ నివేదికలో ఇంకో ముక్క ఉంది. జనం దాన్ని తక్కువగా తలుచుకుంటారు. వీధి బడిలో పంతులు ఒక్కడే, పిల్లలు పదులలో. అందుకని పెద్ద పిల్లలు చిన్నపిల్లలకు చెప్పేవారు. ఖర్చు తక్కువ, పైగా చెప్పేవాడికి చదువు గట్టిపడుతుందని క్యాంప్‌బెల్ దీన్ని మెచ్చుకున్నాడు, ఇంగ్లండు కూడా ఈ పద్ధతినే అనుకరించిందని గుర్తుచేశాడు. అది నిజమే. మద్రాసు ఎగ్మూరులో సైనికుల పిల్లల కోసం 1789లో పెట్టిన అనాథాశ్రమాన్ని చూసుకున్న ఆండ్రూ బెల్, అక్కడి వీధి బళ్లలో పిల్లలు ఇసుకలో రాయడం చూసి ఆ పద్ధతి తన బడిలో పెట్టాడు. పెద్ద పిల్లలకు చిన్న తరగతులు అప్పగించాడు. తిరిగి వెళ్లి 1797లో లండన్‌లో దాని మీద పుస్తకం వేశాడు. ఇంగ్లండులో వేల మంది పేదపిల్లలు ‘మద్రాసు పద్ధతి’ పేరుతో చదువుకున్నారు. మద్రాసు ప్రెసిడెన్సీలో మాత్రం తరగతులు, ఇన్‌స్పెక్టర్లు, ఫలితాలను బట్టి గ్రాంట్లు వచ్చాక పెద్ద పిల్లాడి చేతిలోని ఆ బాధ్యత ఊడిపోయింది. వాడు కూడా బెంచీ మీద కూర్చుని వినేవాడయ్యాడు. ఇవాళ శిక్షణ తరగతుల్లో నాయకత్వం, భావవ్యక్తీకరణ, సహనం అని జాబితా రాసేవన్నీ ఆ పిల్లాడు తనకు తెలియకుండానే నేర్చుకున్నవి.

బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయింది. దాంతో జిల్లా రెండుగా చీలినట్టయింది. కింద డెల్టాలో వరి, డబ్బు, ఆ వెంటనే బడులు. మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్ 1843లో పెట్టిన బడి కాలేజీ అయింది. పైన మెట్టలో వానే దిక్కు. అందుకని ఇరవయ్యో శతాబ్దం మొదట్లో చదువు గురించి కొత్త ఆలోచన పుట్టినప్పుడు అది తిరువూరులో పుట్టలేదు, బందరులో పుట్టింది.

1907 ఏప్రిల్లో బిపిన్ చంద్రపాల్ కోస్తా జిల్లాల్లో తిరిగి ప్రసంగాలు చేశాడు. రాజమండ్రి ట్రైనింగ్ కాలేజీ విద్యార్థులు వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకున్నారు. గాడిచర్ల హరిసర్వోత్తమరావును కాలేజీ నుంచి వెళ్లగొట్టారు. ఆ వేడిలోంచే జాతీయ విద్య అన్న మాట తెలుగునాట వేళ్లూనుకుంది. ఎం.ఏ., బి.ఎల్. చదివిన కోపల్లె హనుమంతరావు వకీలు వృత్తి మీద ఆశ వదులుకున్నాడు. ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్యలతో కలిసి 1910లో మచిలీపట్నంలో ఆంధ్ర జాతీయ కళాశాల స్థాపించాడు. పేరు కళాశాల అయినా అక్కడ చిన్న తరగతుల పిల్లలూ ఉండేవారు. నేతమగ్గాలు, వడ్రంగి పని, తివాచీల అల్లకం, చిత్రలేఖనం అన్నీ పుస్తకాల చదువుతో సమానంగా సాగాయి. బెంగాల్ నుంచి వచ్చిన ప్రమోద్ కుమార్ చటర్జీ బొమ్మలు నేర్పాడు. ఆయన శిష్యుడు అడివి బాపిరాజు తర్వాత అక్కడే ప్రిన్సిపాలుగా పనిచేశాడు. జెండా రూపశిల్పి పింగళి వెంకయ్య కూడా కొన్నాళ్లు అక్కడ పాఠాలు చెప్పినవాడే.

ఆ బడి చేసిన సాహసం మగ్గాలు పెట్టడం ఒక్కటే కాదు. సర్కారు కొలువుకు పనికొచ్చే పట్టా ఇవ్వకపోవడం అంతకన్నా పెద్ద సాహసం. చదువు ముగించిన కుర్రాడు ఏం చేసి బతుకుతాడు అన్న ప్రశ్నకు ‘వాడి చేతుల్లో పని ఉంది’ అని జవాబు చెప్పగలగాలన్నది వాళ్ల పంతం. తల్లిదండ్రుల లెక్క వేరు. సరిగ్గా అదే కాలంలో, 1911లో, మద్రాసు ప్రభుత్వం మెట్రిక్యులేషన్ బదులు ఎస్సెస్సెల్సీ ప్రవేశపెట్టింది. ఆ ఎస్సెస్సెల్సీ పుస్తకం చేతిలో ఉంటే తాలూకా కచేరీలో గుమాస్తాగిరీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. బందరు మగ్గం మీద నేసిన తివాచీ పట్టుకెళ్తే కచేరీలో ఎవరూ కుర్చీ చూపించరు. హనుమంతరావు 1922లో చనిపోయాడు. కళాశాల ఆ తర్వాతా నడిచింది, కానీ జిల్లాలోని మిగతా బడులు నడిచింది ఎస్సెస్సెల్సీ దారిలో. తెలుగు చదువులో ఈ రెండు దారులూ ఎదురెదురుగా నిలబడ్డ క్షణం ఏదైనా ఉంటే అది 1910-11. ఏది గెలిచిందో చెప్పనక్కర్లేదు.

అదే జిల్లాలో మరో ప్రయోగం 1940లో మొదలైంది. ఇది బడి కాదు. వృక్షశాస్త్రం అధ్యాపకుడు గోపరాజు రామచంద్రరావు, అంటే గోరా, నాస్తిక భావాల వల్ల కాలేజీ ఉద్యోగాలు పోగొట్టుకుని ఉయ్యూరు దగ్గర ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టాడు. కులాలు కలిసి కూర్చుని తినే సహపంక్తి భోజనాలు, పాకీపని మీద ప్రచారం, మూఢనమ్మకాల గుట్టు విప్పే ప్రదర్శనలు. 1947లో ఆ కేంద్రం విజయవాడ పటమటకు మారింది. నాస్తికత్వం సంగతి అలా ఉంచితే, పక్కవాడి కంచం పక్కన కంచం పెట్టుకుని కూర్చోవడం కన్నా గట్టి జీవన నైపుణ్యం ఆ రోజుల్లో కృష్ణా జిల్లా కుర్రాడికి ఇంకోటి లేదు.

స్వాతంత్ర్యం వచ్చాక ఊరూరా హైస్కూలు వెలిసింది. 1959 నవంబరులో పంచాయతీరాజ్ అమల్లోకి వచ్చి జిల్లా బోర్డు బడులు జిల్లా పరిషత్తు బడులయ్యాయి. నాగార్జునసాగర్ కాలవలకు 1967లో నీళ్లు వదిలాక, ఎడమ కాలవ మెట్ట ప్రాంతపు రైతుకు కొంత ధైర్యం ఇచ్చింది. ధైర్యం వచ్చిన రైతు మొదట చేసే పని పిల్లాణ్ని హైస్కూల్లో వేయడం.

ఆ తరం హైస్కూల్లో ముగ్గురు మాస్టార్లు ఉండేవారు. వాళ్లు చెప్పేవాటికి పబ్లిక్ పరీక్ష లేదు. డ్రిల్లు మాస్టారు, డ్రాయింగు మాస్టారు, క్రాఫ్టు మాస్టారు. గాంధీ వార్ధా పథకం పుణ్యమా అని తకిలీ తిప్పి నూలు వడకడం 1950లలో చాలా బళ్లలో ఉండేది. కుట్టుపని, నేత, తోటపని ఊరిని బట్టి ఉండేవి. 1948లో ఎన్‌సీసీ, 1950లో భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ వచ్చాయి. కొఠారీ కమిషన్ ‘పని అనుభవం’ అంది. 1977లో ఈశ్వర్‌భాయ్ పటేల్ కమిటీ దాన్ని ‘సమాజోపయోగ ఉత్పాదక పని’గా మార్చింది. పేరు బడి బోర్డు మీద పట్టనంత పొడుగైంది, పని మాత్రం పొట్టిదైపోయింది. క్రాఫ్టు మాస్టారు రిటైరైతే ఆ పోస్టులో ఇంకొకరు రావడం అరుదైంది. మిగతా మాస్టార్లు సెలవు పెట్టినప్పుడు ఖాళీ తరగతిలో కూర్చునేది డ్రాయింగు మాస్టారే. పరీక్ష లేని సబ్జెక్టు మాస్టారు తెలుగు హైస్కూల్లో ఎప్పుడూ జోకరు ముక్కే, ఏ సెట్లో లోటు పడితే అందులో వేస్తారు.

చిత్రమేమిటంటే, ఆంధ్రదేశంలో ఒక పాఠం మనుషుల బతుకును కళ్లముందే మార్చిన సందర్భం హైస్కూల్లో జరగలేదు, రాత్రి బడిలో జరిగింది. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత ఉద్యమం వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉంది. మొగుడు సారాకు డబ్బు తగలేస్తే ఊరి ఆడవాళ్లు కలిసి సారా దుకాణం మూయించిన కథ. అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్లు ఆ పాఠం గురించి మాట్లాడుకున్నారు. తర్వాత లేచి వెళ్లి తమ ఊరి దుకాణం మూయించారు. వాళ్లలో ముందు నిలిచిన దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధమైంది. నిర్ణయం తీసుకోవడం, నలుగురినీ కూడగట్టడం, ఒత్తిడికి లొంగకపోవడం అన్నీ ఆ ఒక్క పాఠంలో ఉన్నాయి. పాఠం వాళ్ల ఇంటి సంగతి కావడమే దాని బలం.

హైస్కూలు అప్పటికి ఇంకో దిక్కు చూస్తోంది. 1986లో ఎంసెట్ వచ్చింది. అదే ఏడాది విజయవాడలో శ్రీచైతన్య మొదలైంది. గుంటూరు, విజయవాడ చుట్టూ రెసిడెన్షియల్ కాలేజీలు వెలిశాయి. తిరువూరు నుంచి బస్సెక్కితే మధ్యాహ్నం లోపు చేరే దూరం. మామిడి కాపు బాగుంటే ఫీజు కట్టేయొచ్చు. పదో తరగతి అప్పటిదాకా ఒక గమ్యం, ఇక మీదట అది మెట్టు మాత్రమే అయింది. ఎనిమిదో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ అన్న మాట వినపడసాగింది.

బడి వదిలేసిన చోటును బజారు పట్టుకుంది. 1990లలో యండమూరి వీరేంద్రనాథ్ ‘విజయానికి ఐదు మెట్లు’ ఇంటింటా చేరింది. ఇంద్రజాలికుడిగా పేరు తెచ్చుకున్న బి.వి. పట్టాభిరామ్ మనస్తత్వ నిపుణుడిగా మారి ఊరూరా ఉపన్యాసాలిచ్చాడు. హైదరాబాద్ రామకృష్ణ మఠం 2000లో వివేకానంద ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హ్యూమన్ ఎక్సలెన్స్ తెరిచి విద్యార్థులకు తరగతులు మొదలుపెట్టింది. ‘వ్యక్తిత్వ వికాసం’ పత్రికల్లో ఒక పేజీ అయింది, బుక్‌షాపులో ఒక అర అయింది. వీటివల్ల మేలు జరగలేదనలేం. భయస్థుడైన పల్లెటూరి కుర్రాడికి వేదిక ఎక్కి నాలుగు మాటలు చెప్పే ధైర్యం వచ్చింది. కానీ ఆ పుస్తకాల్లో ‘విజయం’ అంటే చాలావరకు ఒక్కడి విజయం. దూబగుంట పాఠంలోలా ‘మనం’ వాటిలో తక్కువ.

ఆ విజయం వెనుక ఖర్చు కూడా త్వరలోనే బయటపడింది. విద్యార్థుల ఆత్మహత్యలు పెరిగి 2001లో ప్రభుత్వం నీరదారెడ్డి కమిటీని వేయాల్సి వచ్చింది. 2017లో ఆంధ్రప్రదేశ్‌లో చక్రపాణి కమిటీ మళ్లీ అదే విషయం పరిశీలించింది. ఎడతెగని స్టడీ అవర్లు, మార్కులను బట్టి సెక్షన్లు విడగొట్టడం, ఆటల్లేకపోవడం, ఆదివారం కూడా పరీక్షలు. పదహారేళ్ల ఎడంతో అవే మాటలు మళ్లీ చర్చకు వచ్చాయంటే మొదటి నివేదిక ఏమైందో ఊహించుకోవచ్చు.

తిరువూరు పిల్లల దారిని మార్చిన ఇంకో సంగతి 2008లో జరిగింది. విస్సన్నపేట మీదుగా వెళితే వచ్చే నూజివీడులో ట్రిపుల్ ఐటీ పెట్టారు. ప్రవేశ పరీక్ష లేదు, పదో తరగతి మార్కులే కొలమానం. ఆరేళ్ల ఇంజినీరింగ్ చదువు. ఎంసెట్ కోచింగ్‌కు డబ్బులేని సర్కారు బడి పిల్లలకు ఇది నిజమైన వరం. కానీ దాంతో జిల్లా పరిషత్తు హైస్కూల్లో పదో తరగతి ప్రతి మార్కూ బంగారమైంది. పరీక్ష లేని చివరి పీరియడ్లు ఫిజిక్సు, లెక్కల మాస్టార్లకు వెళ్లిపోయాయి. దాన్ని ఎవరైనా తప్పు పడతారా? పిల్లలే అడిగి మరీ చెప్పించుకున్నారు. పదిహేనేళ్లకే ఇల్లు విడిచి, వేల మంది మధ్య హాస్టల్లో ఉంటూ, ఇంగ్లీషులో పాఠం వింటూ నెగ్గుకురావడం ఎలాగో మాత్రం అక్కడికి వెళ్లాక ఎవరికి వాళ్లు నేర్చుకున్నారు.

ఇక ‘జీవన నైపుణ్యాలు’ అన్న పేరు. అది 1990లలో ప్రపంచ ఆరోగ్య సంస్థ నుంచి వచ్చింది. 1993-94లో బళ్ల కోసం ఆ సంస్థ తెచ్చిన పత్రంలో పది నైపుణ్యాల పట్టిక ఉంది: తన్ను తాను తెలుసుకోవడం, ఎదుటివాడి బాధ గ్రహించడం, నిర్ణయం తీసుకోవడం, సమస్య తీర్చుకోవడం, విమర్శనాత్మకంగా, సృజనాత్మకంగా ఆలోచించడం, మాట్లాడటం, మనుషులతో మెలగడం, ఒత్తిడినీ ఉద్వేగాన్నీ తట్టుకోవడం. మన దేశంలో దీనికి ఊపిరి పోసింది ఎయిడ్స్ భయం. అప్పట్లో ఆంధ్రప్రదేశ్ హెచ్‌ఐవీ ఎక్కువగా ఉన్న ఆరు రాష్ట్రాల్లో ఒకటి. 2005లో కేంద్రం కౌమార విద్యా కార్యక్రమం తెచ్చింది. బొమ్మలు, మాటలు బాగాలేవంటూ 2007 నాటికి పలు రాష్ట్రాలు దాన్ని ఆపేశాయి. మన దగ్గర ఆ పాఠం వచ్చినప్పుడు సైన్సు మేడమ్ అబ్బాయిల్ని బయటికి పంపించడమో, ‘ఇంట్లో చదువుకోండి’ అని పేజీ తిప్పేయడమో మామూలు. ఇంట్లో చదువుకోవడానికి ఒక దారి ఉండేది. గోరా కొడుకు డాక్టర్ సమరం ‘స్వాతి’ వారపత్రికలో రాసిన ప్రశ్నలు-జవాబుల శీర్షిక. అమ్మ సీరియల్ చదివి దిండు కింద పెట్టిన పత్రికను పిల్లలు దొంగచాటుగా తీసి చదివిన ఇళ్లు ఎన్నో. వయసు వచ్చే పిల్లల శరీరం గురించి తెలుగు బడి చెప్పనిది విజయవాడ వారపత్రిక చెప్పింది.

2011 రాష్ట్ర విద్యా ప్రణాళిక చట్రం ఈ లోటు పూడ్చాలనుకుంది. ప్రోగ్రెస్ కార్డులో నాలుగు సహపాఠ్య విషయాలు చేరాయి: విలువల విద్య-జీవన నైపుణ్యాలు, కళలు-సాంస్కృతిక విద్య, పని-కంప్యూటర్ విద్య, ఆరోగ్య-వ్యాయామ విద్య. వాటికీ గ్రేడులు పెట్టారు. టీసీలోని ఆ ఒక్క మాట ఇప్పుడు నాలుగు గడులైంది. గ్రేడు ఇవ్వాలంటే పిల్లాణ్ని గమనించాలి, గమనించాలంటే తీరిక కావాలి. టర్మ్ చివర రిజిస్టరు ముందేసుకుని కూర్చున్న మాస్టారికి ఆ తీరిక ఉండదు. లెక్కల్లో ఏ గ్రేడు వస్తే విలువల్లోనూ దాదాపు అదే గ్రేడు పడేది. 2019లో ‘ఆనందవేదిక’ పేరుతో రోజూ కొంతసేపు కథలు, ధ్యానం, కబుర్లు పెట్టారు. ఢిల్లీలో 2018లో మొదలైన హ్యాపీనెస్ కరిక్యులమ్ దీనికి దగ్గరి చుట్టం.

ఆడపిల్లల విషయంలో ఈ చదువు అవసరం అంకెల్లోనే కనబడుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్లయింది. మిరప కోతలకు తల్లిదండ్రులు వలస వెళితే పెద్ద కూతురు ఇంటి దగ్గర తమ్ముళ్లను చూసుకోవడానికి ఆగిపోతుంది. ఎ.కొండూరు తండాల్లో కిడ్నీ జబ్బు ఇంటి పెద్దను మంచాన పడేస్తే ఆ భారమూ ఆ పిల్ల మీదే. అలాంటి పిల్లకు ‘ఒత్తిడిని తట్టుకోవడం’ మీద పాఠం చెప్పబోతే మాస్టారికే నోరు రాదు. 2021 అక్టోబరులో మొదలైన ‘స్వేచ్ఛ’ కార్యక్రమం ఏడో తరగతి నుంచి ఇంటర్ దాకా సర్కారు బళ్లలో చదివే ఆడపిల్లలకు నెలనెలా శానిటరీ నాప్కిన్లు ఇచ్చింది. నెలసరి గురించి మేడమ్ తరగతిలో నిలబడి మాట్లాడక తప్పని పరిస్థితి కల్పించింది. పది ఉపన్యాసాల కన్నా ఆ ప్యాకెట్టు ఎక్కువ పనిచేసిందనుకోవచ్చు.

ఏ కమిటీ నివేదికలోనూ పెద్దగా చోటు దక్కని ఒక ఆచారం తెలుగు హైస్కూళ్లలో ఏళ్లుగా నడుస్తోంది. స్వపరిపాలన దినోత్సవం. పిల్లల నోట్లో సెల్ఫ్ గవర్నమెంట్ డే. ఉపాధ్యాయ దినోత్సవానికో, బాలల దినోత్సవానికో, వీడ్కోలు సభకు ముందో జరుగుతుంది. ఆ ఒక్క రోజు పదో తరగతి పిల్లలే మాస్టార్లు. ఆడపిల్లలు అమ్మ చీర, పిన్ని గాజులు, పక్కింటి ఆంటీ హ్యాండ్‌బ్యాగుతో వస్తారు. అబ్బాయిలు నాన్న చొక్కా టక్ చేసుకుని, జేబులో రెండు పెన్నులు పెట్టుకుంటారు. ఒకడు హెడ్మాస్టరు, ఒకడు డీఈవో, ఒకడు అటెండరు. అటెండరు వేషం కోసం పోటీ ఎక్కువ, గంట కొట్టేది వాడే కాబట్టి.

నవ్వులాటగా మొదలైన రోజు రెండో పీరియడ్‌కల్లా రంగు మారుతుంది. ఆరో తరగతికి భిన్నాలు చెప్పాలి. ముందు రోజు రాత్రి తయారైన పాఠం పది నిమిషాల్లో అయిపోతుంది, పీరియడ్ ఇంకా అరగంట మిగిలే ఉంటుంది. వెనక బెంచీ కుర్రాడు ‘సార్, అర్థం కాలేదు’ అంటాడు. వాడికి నిజంగానే అర్థం కాలేదో, ఏడిపించడానికి అన్నాడో తేల్చుకోవాలి. కోప్పడాలా, మళ్లీ చెప్పాలా? రోజూ తాను చేసే అల్లరి అవతలివైపు నుంచి ఎలా ఉంటుందో మొదటిసారి తెలుస్తుంది. ఎప్పుడూ నోరు విప్పని పిల్ల ఆ రోజు బోర్డు దగ్గర అదరగొడుతుంది. మార్కుల్లో మొదటివాడు గొంతు పెగలక నిలబడిపోతాడు. వెనక కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని అసలు మాస్టార్లు అదంతా చూస్తుంటారు. ఆండ్రూ బెల్ మద్రాసు నుంచి పట్టుకెళ్లింది ఇదే. వీధి బడిలో ఏడాది పొడవునా ఉన్నది హైస్కూల్లో ఏడాదికి ఒక రోజుకు కుదించుకుపోయింది, అంతే. దీనికి వర్క్‌బుక్ లేదు, శిక్షణ లేదు, బడ్జెట్ లేదు. అందుకే బతికిందేమో.

2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలు సంచీ లేకుండా పది రోజులు వడ్రంగి, తోటమాలి, కుమ్మరి లాంటి స్థానిక పనివాళ్ల దగ్గర గడపాలంది. వందేళ్ల కిందటి బందరు మాట ఢిల్లీ మీదుగా తిరిగి వచ్చినట్టయింది. తిరువూరు చుట్టుపక్కల ఆ పదిరోజులకు కొరత లేదు. మామిడి అంట్లు కట్టే నర్సరీలు, మెకానిక్ షెడ్లు, కుట్టుమిషన్లు, తండాల్లో అద్దాల అల్లిక తెలిసిన ముసలమ్మలు ఉన్నారు. రాష్ట్ర ప్రభుత్వం 2024 నవంబరులో చాగంటి కోటేశ్వరరావును విద్యార్థుల నైతిక విలువల సలహాదారుగా నియమించింది. 2025-26 నుంచి శనివారాన్ని ‘నో బ్యాగ్ డే’ చేస్తామంది. ఆటలు, క్విజ్‌లు, డిబేట్లు, తోటపని ఆ రోజుకు కేటాయించాలన్నది ఆలోచన.

జూన్‌లో బడి తెరిచాక శనివారాలు సందడిగానే ఉంటాయి. వానాకాలంలో మొక్కలు నాటుతారు, ఆగస్టు పదిహేనుకు పాటలు సాధన చేస్తారు. దసరా సెలవులు దాటగానే పదో తరగతికి స్లిప్ టెస్టులు మొదలవుతాయి. డిసెంబరులో వంద రోజుల ప్రణాళిక వస్తుంది. పొద్దున స్టడీ అవర్, సాయంత్రం స్పెషల్ క్లాసు, వెనకబడ్డ పిల్లలను ఒక్కో మాస్టారికి దత్తత ఇవ్వడం, ఉత్తీర్ణత శాతం మీద వారం వారం టెలికాన్ఫరెన్సు. అప్పటికి పదో తరగతి పిల్లలు శనివారం కూడా బ్యాగు తెచ్చుకుంటారు. ఆరో తరగతి వాళ్లు మాత్రం ఖాళీ చేతులతో వచ్చి, గ్రౌండులో డిబేట్‌కు వరుసగా కూర్చుంటారు. దాన్ని నడిపించాల్సిన మేడమ్ పదో తరగతిలో ఉంటే, మైకు ఎనిమిదో తరగతి పిల్ల చేతికి వస్తుంది.